వేలు పెట్టినా కొరకనిదాన్ని

నేను ఒక బుల్లి నోటిని. నోట్లో వేలు పెడితే కొరకలేడని అమాయకుల గురించి అంటారు కదా, నేను అచ్చంగా ఆ బాపతు. పళ్లు లేవు. వేలు పెడితే లోపల ఎర్రదీపం వెలుగుతుంది. నెత్తురులో ప్రాణవాయువు ఎంతుందో అంకె వేసి చూపిస్తాను. ఆక్సీమీటర్ అంటారు నన్ను. ఆ అంకె చూసి నవ్వడం, ఏడవడం మనుషుల పని. నాకు ఏదీ అంటదు.

ఒక ఫ్యాక్టరీలో నాలాంటి వందల నోళ్ల మధ్య పుట్టాను. ఊపిరికి కరువొచ్చిన ఆ రోగకాలంలో తణుకులో సువర్చల గారింటికి వచ్చాను. ఆవిడ అత్తగారి వేలికి చాలా రోజులు ఉన్నాను. ఒకనాడు అంకె వేయలేకపోయాను, అంతే. ఆ తరవాత దారపు ఉండలు, పాత తాళంచెవులతో పాటు సొరుగులో పడుకున్నాను.

మళ్లీ నన్ను బయటికి తీసింది కూతురు వసుధ పెళ్లికి. పెళ్లి లద్దాఖ్‌లో, పేరు పలకడం ఎవరికీ రాని ఒక సరస్సు పక్కన, గుడారాల్లో. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ముచ్చటపడ్డారు. దారిలో లేహ్‌లో ఆగినప్పుడు ఒక డాక్టరు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు: నీళ్లు బాగా తాగాలి, మెల్లగా నడవాలి, తలనొప్పితో పాటు వాంతి, తూలడం కూడా ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా కిందికి దిగాలి. అందరూ తలలూపారు. ఊపిన తలల్లో సగం సెల్ఫీల్లోకి వంగి ఉన్నాయి.

సువర్చల గారు మాత్రం విన్నది. సరస్సు దగ్గరికి చేరగానే నన్ను పట్టుకుని గుడారం గుడారం తిరిగింది. జనం నన్ను పరీక్ష ఫలితాల్లాగా చూశారు.

"పిన్నీ, నాకు తొంభై ఒకటి! బావకి ఎనభై ఆరే!"

"వాడెప్పుడూ అంతే, ఇంటర్లో కూడా."

వియ్యపురాలు రాజ్యలక్ష్మి గారైతే, "మా వైపు వాళ్లంతా బాగానే ఉన్నారు వదినగారూ, మీ వాళ్లే కాస్త వెనకబడ్డట్టున్నారు" అంది. సువర్చల నవ్వి, ఆవిడ వేలు కూడా నా నోట్లో పెట్టింది. ఎనభై నాలుగు. వియ్యపురాలు నన్ను తిరగేసి, ఏ దేశంలో చేశారో చూసింది.

పెళ్లిరోజు పొద్దున్నుంచి సువర్చల, భర్త భానుమూర్తి గారు ఉపవాసం. కన్యాదానం చేసే దంపతులు ధారపోసేదాకా ఏమీ ముట్టరు. భానుమూర్తి గారు మంచినీళ్లు కూడా వద్దన్నాడు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. అల్లుడి కాళ్లు తన చేతులతో కడగాలని ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ అనుకుంటున్నాడట. కాళ్లు కడిగే వెండిపళ్లెం, నీళ్లు పోసే వెండిచెంబు తణుకు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చారు.

వసుధ గౌరీపూజకి కూర్చునేసరికి ఆయన తల పట్టుకున్నాడు. పచ్చటి పసరు కక్కాడు.

"పస్తు తలనొప్పే ఇది. కడుపులో ఏమీ లేక పైత్యం. మన పెళ్లికి మీ నాన్న పస్తుండలేదూ?"

"మా నాన్న ఉన్నది పాలకొల్లులో. ఇక్కడ కాదు" అంది సువర్చల, నన్ను ఆయన వేలికి పెట్టి.

డెబ్బై ఒకటి.

"చెయ్యి చల్లబడింది, అందుకే తక్కువ చూపిస్తోంది" అన్నాడాయన. ఆవిడ అరచేతుల మధ్య ఆయన చెయ్యి రుద్దింది. డెబ్బై. "బ్యాటరీ అయిపోయుంటుందక్కా" అన్నాడు ఆవిడ తమ్ముడు గోపాలం. బ్యాటరీ మార్చారు. డెబ్బై. గోపాలం తన వేలు పెట్టాడు. ఎనభై తొమ్మిది. ఇక నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

ఆయన లేవబోయి గుడారపు కర్ర పట్టుకున్నాడు. పాదం ఒకచోట వేయబోతే ఇంకోచోట పడింది.

సువర్చల ఏడవలేదు. గ్లాసుతో నీళ్లు తెచ్చి భర్త నోటికి పెట్టింది. ఆయన తల తిప్పుకున్నాడు. "తాగండి" అంది, అంతే. తాగాడు.

గోపాలాన్నీ, మరదలు లలితనీ పీటల మీద కూర్చోమంది.

"నేను పొద్దున ఉప్మా తిన్నానక్కా" అన్నాడు గోపాలం, దొంగతనం బయటపడ్డట్టు.

మంత్రానికీ మంత్రానికీ నడుమ ఆయాసపడుతున్న పురోహితుడు చెయ్యి ఊపాడు. "పర్వాలేదయ్యా. ఇక్కడ ఊపిరి తీసుకోవడమే పెద్ద నిష్ఠ."

వసుధ పూజలోంచి తలెత్తి, "అమ్మా, నువ్వు ఉండవా? ఇంకెవరైనా తీసుకెళ్తారుగా నాన్నని" అంది.

"ఆయన నేనుంటేనే దిగుతారు. లేకపోతే సగం దారిలో వెనక్కి తిప్పమంటారు." కూతురి బాసికం సరిచేసింది. వెండిచెంబు లలిత చేతిలో పెట్టింది. బయటికి వచ్చేటప్పుడు మంటపం వైపు చూడలేదు.

కారు నది వెంట దిగింది. భానుమూర్తి గారి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మలుపు మలుపుకీ ఆవిడ నన్ను ఆయన వేలికి పెట్టేది. డెబ్బై ఎనిమిది. ఎనభై. అంకె పెరిగినా ఆవిడ మొహం మారలేదు. ఫోనుకి సిగ్నల్ లేదు. పైన ఏం జరుగుతున్నదో చెప్పేవాళ్లు లేరు. ఆయన కళ్లు మూసుకున్నాడు, ఆవిడ కొండల్ని చూస్తూ కూర్చుంది. ఆ కొండల మీద గడ్డిపరక కూడా లేదు.

చాలా దూరం దిగాక ఆయన కళ్లు తెరిచి, "నీకెంత?" అని అడిగాడు.

వచ్చిన రోజు నుంచీ పెళ్లివారందరి వేళ్లూ నా నోట్లోకి వచ్చాయి. ఈవిడది రాలేదు. ఎవరూ అడగలేదు, ఆవిడకీ తోచలేదు.

"నాకేం?" అంది. ఆయన నన్ను తన వేలి నుంచి తీసి, గోరింటాకు పండిన ఆవిడ వేలికి పెట్టాడు.

డెబ్బై ఆరు.

"నీళ్లు తాగావా?"

"ధారపోయడం అయిందో లేదో..."

అప్పుడు తట్టింది ఆయనకి. తన ఉపవాసం ఆవిడ చెడగొట్టింది గానీ, ఆవిడ ఉపవాసం ఇంకా నడుస్తూనే ఉంది. పీటల మీద లేకపోయినా. ఆయన ముక్కుకున్న గొట్టం ఊడదీసి ఆవిడకి ఇవ్వబోయాడు. ఆవిడ ఆ చేతిని పక్కకి నెట్టి, నీళ్లసీసా అందుకుంది. మూత తీసి కాసేపు అలాగే పట్టుకుంది.

"అయ్యుంటుంది" అన్నాడాయన.

"అయ్యుంటుంది" అని తాగింది.

ఇద్దరూ కోలుకున్నారు. నేను మళ్లీ తణుకులో, సొరుగులో ఉన్నాను. పైన గోడకి ఒక ఫోటో ఉంది. గోపాలం పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్నాడు, లలిత వెండిచెంబుతో నీళ్లు పోస్తోంది. వచ్చినవాళ్లు బాగుందంటారు. సువర్చల గారు కూడా బాగుందంటుంది.

అప్పుడప్పుడు సొరుగు తెరిచి తన వేలు నా నోట్లో పెడుతుంది. తొంభై ఎనిమిది. నేను ఇంకేమైనా చెబుతానేమోనన్నట్టు కాసేపు చూస్తుంది. నాకు చేతనైంది ఆ ఒక్క అంకే. దీపం ఆరిపోయాక నన్ను దారపు ఉండల పక్కన పెట్టి, సొరుగు మూసేస్తుంది.