ఏ మందు?

రవళి ఊకకుప్ప మీద నడుస్తోంది, అడుగు వేసినప్పుడల్లా మోకాలి దాకా దిగబడుతోంది, చుట్టూ ఉన్నది వాళ్ల బాపు జీవితమంతా బస్తాలు మోసిన రైస్ మిల్లే గానీ గోడలు మాత్రం ఆస్పత్రివి, వాటిని ఆనుకుని ఒక ఆర్టీసీ బస్సు డ్రైవరు లేకుండానే ఉరుముతోంది. బస్సు మెట్టు మీద కూర్చుని ఓదెలు, ఆమె తండ్రి, తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆయన చనిపోయి రెండేళ్లయిందని రవళికి తెలుసు. ఆయనకూ తెలిసినట్టే ఉంది, ఇద్దరూ ఆ సంగతి పెద్దగా పట్టించుకోవడం లేదు.

"డిగ్రీ పట్టా అచ్చిందట గదా బిడ్డా, ఎన్ని గుంటల భూమికే?"

ఆమెకు నవ్వొస్తుంది. నవ్వితే రెండేళ్లుగా అడగాలని దాచుకున్న ప్రశ్న జారిపోతుందని పళ్లు బిగిస్తుంది.

"బాపూ, ఆ ఆర్‌ఎంపీ డాక్టరు నీకేం జెప్పిండు?"

"ఏం జెప్తడు? నడుము నొప్పికి బిళ్ళలిచ్చిండు. కడుపుల మంటకు తెల్ల మందు సీసా ఇచ్చిండు. ముందుగాల సీసాల మందు తాగు, ఎనుక బిళ్ళ ఏసుకో అన్నడు. గట్లనే చేసిన."

"ఏ సీసా బాపూ?"

ఓదెలు నవ్వబోయి ఆగిపోతాడు. ఆయన కూర్చున్న మెట్టు మిల్లులోని కాటాగా మారిపోతుంది, అంత మనిషి ఎక్కి కూర్చున్నా ముల్లు కదలదు.

"దోస్తులు తాగుడు సీసా సూపెట్టి మందంటే మందే గదరా అని నవ్విన్రు, నేనూ నవ్విన. తెల్వక గాదు బిడ్డా. డాక్టరు ముంగట, రోజూ తాగుత సారూ అననీకి నోరు రాలే. ఆయనా అడగలే."

ఓదెలు నెత్తురు కక్కుకున్న రోజు పెద్దాస్పత్రి డాక్టరు చెప్పిన మాటలు రవళి నోటి నుంచి వాటంతటవే వస్తున్నాయి. నొప్పి బిళ్ళ కడుపు లోపలి పొరను కొరుకుతుందని, దాని మీద మద్యం పోస్తే పుండు పడి నెత్తురు కారుతుందని, విరేచనం తారులా నల్లగా వచ్చిననాడే పరుగెత్తుకు రావాల్సిందని ఆమె చెబుతున్నకొద్దీ కాళ్ల కింద ఊక నల్లబడుతోంది.

"గిదంత నాకెందుకే ఇప్పుడు? రాజేశానికి జెప్పు."

రాజేశం ఓదెలు తమ్ముడు, రవళికి కాక. అన్న పోయాక అదే మిల్లులో అవే బస్తాలు, అదే నడుము నొప్పి, అదే తాగుడు.

"జెప్పిన బాపూ. మందు మానెయ్ కాకా అంటే, సరే, రేపట్నుంచి బిళ్ళలు బందు అని ఎక్కిరిచ్చిండు."

"మరి మందు అని ఎందుకంటవే? దానికి పేరు లేదా?"

"పేరు వెట్టి అంటే తిడుతడు."

"తిట్టనియ్. తిట్టెటోడు బతికున్నట్టే గదా."

బస్సు కదులుతోంది, అందులో ఆయన ఎప్పుడెక్కాడో తెలియదు, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి రేకు మీద కొడుతున్నాడు, ఆ చప్పుడు దూరమవుతున్నకొద్దీ సన్నబడి సన్నబడి, చిటుక్, చిటుక్ అని చెవి పక్కనే వినిపిస్తోంది.

రవళికి మెలకువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నపు ఎండ గడప దాకా వచ్చింది. బయట అరుగు మీద రాజేశం కాక వెండిరంగు రేకులోంచి బిళ్ళను చిటుక్కున నొక్కి తీస్తున్నాడు. పక్కన స్టీలు గ్లాసు నిండుగా ఉంది, వాసన ఇంట్లోకే వస్తోంది.

ఆమె లేచి వెళ్లి గ్లాసు మీద అరచెయ్యి మూసింది.

"కాకా, ఇది బ్రాందీ. నీ చేతుల ఉన్నది నొప్పి బిళ్ళ. బాపును మింగినయి ఈ రెండే."

"అచ్చింది పంతులమ్మ! నాలుగచ్చరాలు నేర్సి నాకే సుద్దులు జెప్పవడితివి? తియ్ చెయ్యి!" రాజేశం ఇంతెత్తున లేచాడు.

"తిట్టు కాకా," అంది రవళి, చెయ్యి తియ్యకుండా.