గావుకేకకి పనికొచ్చే మాటలు

"తప్పులేమైనా ఉంటే చూడు వదినా, అంతే. టీచరువి కదా" అంటూ మా మరిది ఒక కాగితం బల్లమీద పెట్టాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది.

బ్యాండు ఆఖరి ఆల్బం అట్టమీద అచ్చువేసే కాగితం అది. గొంతు, మాటలు: మా ఆయన. గిటారు: మా మరిది. డ్రమ్సు: చర్చి ఎలక్ట్రీషియను. చివరి పాటకి గొంతు: కొత్తగా వచ్చినాయన. అన్నిటికన్నా కింద, సన్న అక్షరాల్లో, "ప్రార్థనలకూ టీలకూ వదినగారికి కృతజ్ఞతలు."

టీల సంగతి నిజమే.

మా ఆయన లేక ఐదు నెలలు. బ్యాండు వయసు పంతొమ్మిదేళ్ళు. ర్యాప్ మెటల్ అంటే మొదట్లో నాకూ తెలియదు. మాటలు వేగంగా దంచుతారు, వెనక గిటార్లు గర్జిస్తాయి, పాదం చివర గావుకేక. అంతా దేవుడి గురించే. చర్చి వెనక విరిగిన కుర్చీలు పడేసే గదిలో మొదలుపెట్టారు. మొదటి కచేరీకి పెద్దవాళ్ళు చెవులు మూసుకుని లేచిపోయారు. పాస్టరుగారి అమ్మ ఒక్కతే చివరిదాకా కూర్చుంది, ఆవిడకి వినపడదు. తర్వాత యువజన సభలు, పొరుగూళ్ళు, పెద్ద వేదికలు, నాలుగు ఆల్బములు. "వాడు దేవుడి పనిలో ఉన్నాడమ్మా, ఇంటిపని నీకేం బరువు?" అనేది మా అత్తగారు.

ఆ మొదటి కచేరీ తర్వాత మూడు రోజులు మా ఆయనకి గొంతు లేదు. ఉప్పునీళ్ళు కాచి ఇస్తూ పాట కాగితం చూశాను. ప్రతి పాదం చివరా సున్నాతో ఆగి పెదాలు మూసుకునే మాటే. మూసిన నోటితో ఎవరరవగలరు? ఆటస్థలం ఆ చివరున్న పిల్లల్ని రోజూ పిలిచేదాన్ని, ఏ శబ్దం గొంతు కోయకుండా దూరం పోతుందో నాకు తెలుసు. మాటలు మార్చి ఇచ్చాను. "మొత్తం నువ్వే రాయరాదూ" అన్నాడు. రాశాను. బట్టలుతికే మెషిను దడదడల మీద, పాత ప్రశ్నపత్రాల వెనక, పంతొమ్మిదేళ్ళు. వాటిని అతను తన నల్ల నోట్‌బుక్‌లో తన రాతతో తిరగరాసుకునేవాడు. ఒకసారి నా పేరు వెయ్యమని అడిగితే, "గిటార్లకి ఒప్పుకోడానికే చర్చి పెద్దలకి మూడేళ్ళు పట్టింది. ఆడమనిషి మాటలు మగాళ్ళు వేదికెక్కి బోధిస్తున్నారంటే ఉన్న గది కూడా పోతుంది. కొన్నాళ్ళు ఓపికపట్టు" అన్నాడు. ఆ కొన్నాళ్ళు అతని జీవితమంత అవుతాయని ఇద్దరికీ తెలియదు.

ఒకసారి రేడియో ఆవిడ ఇంటికొచ్చి, "ఈ మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?" అనడిగితే వేలు పైకెత్తి "పైనుంచి" అన్నాడు. నేను మేడమీద అతని నల్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఆ సాయంత్రం ఇద్దరం నవ్వుకున్నాం. అతను ఎక్కువ నవ్వాడు.

"ఇంకోటి వదినా" అన్నాడు మరిది. "చివరి పాటకి అన్నయ్య మూడో చరణం రాయలేదు. నేనే పూర్తిచేశా. పాడ్డానికి కొత్తగా వచ్చినాయన గొంతు రెండోసారి అరిచేసరికే పట్టేస్తోంది. అన్నయ్య దగ్గర ఏదో కిటుకుండేది."

ఆ చరణం రాయని వారం నేను ఆసుపత్రిలో, అతని మంచం పక్కన ఉన్నాను.

అతను రాసిన చరణంలో పాదాల చివర్లు చూశాను. గాయం. మౌనం. శరణం.

"నోరు మూయించి అరవమంటే ఎలా అరుస్తాడయ్యా? పాదం చివర నోరు తెరిచుండాలి."

"అన్నయ్య చెప్పాడా?"

"మీ అన్నయ్యకి నేను చెప్పాను."

అలమరలోంచి పాత ప్రశ్నపత్రాల కట్ట తెచ్చి ముందు పెట్టాను. ఒక్కొక్కటే తిప్పాడు. ముందువైపు ఏడో తరగతి లెక్కల ప్రశ్నలు, వెనకవైపు వాళ్ళని పెద్ద వేదిక ఎక్కించిన పాట, నా కొట్టివేతలతో సహా.

"ఆ నల్ల నోట్‌బుక్‌లో ఒక్క కొట్టివేతైనా చూశావా? అలాంటి నోట్‌బుక్ కనిపిస్తే ఏ టీచరైనా కాపీ అనే అంటుంది."

అతను కాగితాల అంచులు సరిచేశాడు. "ఇప్పుడా వదినా? అన్నయ్య పరువు..."

"గొంతు అతనిదే. ఆ గొంతు ఇంకెవరికీ రాదు. దాన్ని నేను ముట్టుకోను."

ఎర్ర పెన్నుతో మా ఆయన పేరు ముందున్న 'మాటలు' కొట్టేశాను. దాని కింద 'మాటలు' అని విడిగా పెట్టి, ఎదురుగా నా పేరు పూర్తిగా రాశాను. టీల వరస మొత్తం తీసేశాను.

"ఇలా వేస్తేనే మూడో చరణం ఇస్తాను."

"పెద్దలు అడిగితే?"

"నా దగ్గరికి పంపు. బడి నాలుగింటికి వదుల్తారు."

అతను తల గోక్కున్నాడు, తర్వాత ఊపాడు. మిగిలిన ప్రశ్నపత్రం ఒకటి తిరగేసి రాయడం మొదలుపెట్టాను. అతను టీ పెట్టాడు, పాలు పొంగించాడు, తుడిచాడు. అది చల్లారేలోగా చరణం అయిపోయింది. నోరారా అరిచే మాటలు.

కాగితం అందుకుని, "నల్ల నోట్‌బుక్ ఇవ్వు, ఇది శుభ్రంగా తిరగరాస్తా" అన్నాడు, పాటలన్నీ అందులోనే చూసిన అలవాటుకొద్దీ.

"అక్కర్లేదు. తిరగరాసే మనిషి చచ్చిపోయాడు" అన్నాను.

ఆ మాట నా నోటితో అనడం ఈ ఐదు నెలల్లో అదే మొదటిసారి.