గాలి దూరని పరద

నన్ను కాలేజీలో చేర్చుకోవడానికి ప్రిన్సిపాల్ సాబ్ పెట్టిన షరతు ఒక్కటే, పరద. అవి నిజాం సర్కారు రోజులు. హనుమకొండలో ఉన్న ఆ కాలేజీలో అంతా మగపిల్లలే. "పిల్లను తీసుకుంట గని క్లాసుల పరద కట్టాలె. అది మీరే తెచ్చుకోవాలె," అన్నాడు. మా బాపు పెద్దులు కాశిబుగ్గలో మగ్గం నేసేవాడు. పరద అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఆ షరతేదో తన కోసమే పెట్టినట్టు మురిసిపోయాడు. పోగు మీద పోగు దగ్గరగా కొట్టి, నీలం రంగులో నేసి, వెలుతురుకు పట్టి చూపించాడు. "సూడు అనసూర్యా, గాలి గూడ దూరది!"

నిజమే, దూరలేదు. క్లాసు వెనక మూలలో తాడు కట్టి ఆ పరదను వేలాడదీశారు. లోపల ఒక బల్ల, నేను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో క్షణం నోరు మూసుకోని మనిషిని, అక్కడ పొద్దంతా గోడను చూస్తూ కూర్చునేదాన్ని. బయట పిల్లలు గొల్లున నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వారో నాకు తెలిసేది కాదు. ఒకడికి ఎప్పుడూ దగ్గు. ఇంకొకడి చెప్పులు కిర్రుమనేవి. నా తోటివాళ్ళను గురించి నాకు తెలిసింది అంతే.

లెక్కల సారు కిషన్ రావు. మా బాపు కన్నా పెద్దవాడు, ఊళ్ళో పెద్దమనిషని పేరు. నాకు నల్లబల్ల కనపడదు కాబట్టి లెక్క పుస్తకంలో వేసి చూపిస్తానని పరద ఎత్తి లోపలికి వచ్చేవాడు. మొదట పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. తర్వాత నా భుజం మీద పెట్టాడు. నేను గోడ వైపు ఎంత జరిగితే ఆయనా అంత జరిగేవాడు. ఛీ, ఆ ముచ్చట ఇంతకన్నా చెప్పను. ఒక్కటి మాత్రం చెప్తాను. చెయ్యి అట్లా ఉండగానే ఆయన నోరు క్లాసుకు పాఠం చెప్తూనే ఉండేది. గొంతు ఇసుమంత కూడా మారేది కాదు. బయట పిల్లలు బుద్ధిగా రాసుకుంటూ ఉండేవాళ్ళు. అరుద్దామనుకునేదాన్ని. అరిస్తే అందరూ వింతగా చూసేది నన్నే కదా అని నోరు పెగిలేది కాదు.

ఓర్చుకుని ఓర్చుకుని, చివరికి ప్రిన్సిపాల్ సాబ్ దగ్గరికి పోయి చెప్పాను.

"ఎవరు చూసిన్రు?" అని అడిగాడు.

"పరద ఉన్నది గద సాబ్. ఎవరు చూస్తరు?"

"మరి? పరద ఉండంగ నీకేం ఫికర్?" అన్నాడు. "ఆయన ఇజ్జత్ ఉన్న మనిషి. గీ మాట బయటపడితే ఖరాబయ్యేది నీ పేరే. పో, మంచిగ చదువుకో."

పెరుగమ్మే రాజవ్వ వెంట ఇంటికి నడిచాను. రోజూ ఆమెతోనే వచ్చి ఆమెతోనే పోయేదాన్ని. దారి పొడుగునా ఆమె తన కోడళ్ళను తిడుతూనే ఉంది. నాకు చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదు. అమ్మ ఉంటే చెప్పేదాన్నేమో. అమ్మ నా చిన్నప్పుడే పోయింది.

"బాపూ, ఆ పరద నాకొద్దు," అన్నాను ఇంటికి రాగానే. అంతకు మించి నోరు రాలేదు.

బాపు మగ్గం ఆపాడు. "ఎందుకు బిడ్డా? పోరగాండ్లు తొంగి చూస్తాండ్లా?"

నేను తల దించుకున్నాను. దానికి అర్థం ఆయనే చెప్పుకున్నాడు. చేతిలో ఉన్న నేత పక్కన పెట్టి ఇంకో పరద మొదలుపెట్టాడు. ఈసారి పోగు మరింత లావు. మగ్గం చప్పుడైనప్పుడల్లా నా చుట్టూ గోడ కడుతున్నట్టు ఉండేది. పాపం, ఆయన బిడ్డను కాపాడుకుంటున్నానని అనుకుంటున్నాడు.

నేత అయిపోయాక మడిచి నా చేతుల్లో పెట్టాడు. "ఇగ సూడుమను, ఎట్ల చూస్తరో!"

నేను అక్కడే కూలబడి బోరుమన్నాను. "పోరగాండ్లు చూస్తలేరు బాపూ. ఎవ్వలు చూస్తలేరు. అదే నా బాధ. లెక్కల సారు లోపలికొస్తాండు." మిగిలింది కూడా గోడ వైపు తిరిగి చెప్పేశాను.

బాపు నా చేతుల్లోంచి ఆ పరదను తీసుకున్నాడు. "నేను నేసిన బట్ట సాటుకా?" అన్నాడు. దాన్ని పక్కన పడేసి మళ్ళీ అన్నాడు. "ఇగ పోకు బిడ్డా. సదువొద్దు, ఏమొద్దు. ఇంట్ల ఉండు."

నేను భయపడింది ఆ మాటకే. ఒళ్ళు మండిపోయింది. "తప్పు చేసినోడు కుర్చీల కూసుంటడు, నేను ఇంట్ల మూలకు కూసోవాల్నా? నేను సదువుకుంట బాపూ. ఆ పరద తీసెయ్యి, సాలు. అందరి ముందట కూసుంట."

మర్నాడు బాపు నాతో వచ్చాడు. గంట కొట్టకముందే క్లాసులోకి పోయి, తాడు విప్పి, పరదను దులిపి మడిచి భుజాన వేసుకున్నాడు. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. ఎవరో చెప్పినట్టున్నారు, ప్రిన్సిపాల్ సాబ్ ఉరికి వచ్చాడు.

"పరద లేకుంటే పిల్ల ఉండది!"

మా బాపు ఎన్నడూ అధికారుల ముందు తలెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఇప్పుడూ చేతులు జోడించే అన్నాడు. "బట్ట నాది సాబ్, పిల్ల నాది. బట్టను తీస్కపోత, పిల్లను ఉంచిపోత. నలుగురి కండ్ల ముందట ఉంటది."

"వెళ్ళగొడత!"

"వెళ్ళగొట్టుండ్రి సాబ్," అన్నాను నేను. "ఎందుకు వెళ్ళగొట్టిండ్రో గీ క్లాసు ముందటనే చెప్పుండ్రి. తర్వాత నేను గూడ చెప్త."

ఆయన నా వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

కిషన్ రావు సారు వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ రోజు ఆయన గొంతు మొదటిసారి తడబడింది. ఆ తర్వాత నల్లబల్ల దగ్గర్నుంచి ఇటు అడుగు వెయ్యలేదు. అంతే, ఆయనకు ఇంకేం కాలేదు. నౌకరీ పోలేదు, బజారులో దండాలు తగ్గలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

అందరూ దూరమైంది మాత్రం నాకే. నా ముందు బల్ల ఖాళీ చేశారు, పక్క బల్లా ఖాళీ చేశారు. దగ్గు ఎవరిదో, చెప్పులు ఎవరివో ఇప్పుడు తెలిసింది గానీ, వాళ్ళు నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. రాజవ్వ కూడా తప్పుకుంది. "పరద పీకిచ్చుకున్న పిల్లవాయె. నీ ఎంట నడిస్తే నా కోడండ్లు నన్ను బతకనిస్తరా తల్లీ?" అని బుట్ట ఎత్తుకుని ముందే వెళ్ళిపోయేది. కాశిబుగ్గ నుంచి హనుమకొండ దాకా ఆ ఏడు మిగిలిన రోజులన్నీ ఒక్కదాన్నే నడిచాను. పరద లోపల ఉన్నప్పుడు అదే ఒంటరితనం అనుకున్నాను, పిచ్చిదాన్ని! కొన్ని సాయంత్రాలు, దాన్ని మళ్ళీ కట్టుకుందామా అని కూడా అనిపించేది. బాపు ఆ కొత్త పరదను ఎవరికీ అమ్మలేదు. దుమ్ము పడకుండా మగ్గం మీద కప్పేవాడు.

రెండో ఏడు మొదట్లో పట్నం నుంచి ఒక పోస్టుమాస్టరు బదిలీ మీద వచ్చాడు. ఆయన కూతురు శకుంతల మా క్లాసులో చేరింది. మొదటి రోజు గుమ్మంలో నిలబడింది, చంకలో ఏదో గుడ్డ చుట్ట. చూడగానే గుర్తుపట్టాను. ప్రిన్సిపాల్ సాబ్ వాళ్ళకూ అదే షరతు పెట్టాడు. క్లాసంతా గుడ్లప్పగించి చూస్తుంటే ఆ పిల్ల తల ఎత్తలేకపోతోంది.

తిన్నగా నా దగ్గరికి వచ్చింది. "అక్కా, ఇది ఏడ కట్టాలె?"

ఏమని చెప్పను? వద్దంటే ఆ పిల్లకూ నా బతుకే, పలకరించే దిక్కు ఉండదు. కట్టుకొమ్మంటే లోపలికి ఎవరు వస్తారో నాకు తెలుసు. వరండాలో కిషన్ రావు సారు అడుగులు వినపడుతున్నాయి.

ఆ చుట్ట అందుకుని విప్పాను. మడిచి, నా బల్ల మీద పక్కనే పరిచాను. "దీని మీద కూసో. సారు లెక్క చూపిస్తనంటే, ఇద్దరం కలిసి నల్లబల్ల కాడికే పోదాం. ఆయనను ఇటు రానియ్యద్దు."

శకుంతల ఎందుకని అడగలేదు. నా మొహంలో ఏం చూసిందో, వచ్చి కూర్చుంది. బల్ల ఇరుకు. ఆమె మోచెయ్యి నా మోచేతికి తగిలింది. ఆ గదిలో ఒక మనిషి తగిలితే నేను ఉలిక్కిపడకపోవడం అదే మొదటిసారి. ఏడుపు ఆపుకుంటూ పుస్తకం తెరిచాను గానీ, పక్కకు జరగలేదు.