నాన్న నోటికి జరిమానా

జేబుఖర్చుకి వారానికి ఐదు బిళ్ళలు. శనివారం పొద్దున్నే కూతురి చేతిలో పడాలి. పడ్డాక, వాటిని ఎలా ఖర్చుపెట్టాలో తండ్రి ఒక్క సలహా ఇచ్చినా, సలహాకొక బిళ్ళ జరిమానా. ఈ షరతు పెట్టింది సిటీ బస్సు నడిపే భార్య.

"పదేళ్ళ పిల్లకి డబ్బు వాడటం తెలియాలంటే దాని తప్పులు అదే చెయ్యాలి. మీరు మాత్రం నోరు కుట్టేసుకోండి" అంది, యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ.

కాటాలు బాగుచేసే ఆ మనిషి వెంటనే సరేనన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ప్రతి బిళ్ళతోపాటు ఒక హితబోధ కూడా జేబులో వేసేవాడు. బిళ్ళలు ఎప్పుడో ఖర్చయిపోయాయి, బోధలు మిగిలిపోయాయి. నలభై రెండేళ్ళొచ్చినా, మేజోళ్ళు కొందామని వెళ్ళి కొట్టులో మూడుసార్లు తిరిగి వట్టి చేతులతో వస్తాడు. 'ఇప్పుడది అవసరమా?' అని లోపల ఎవరో అడుగుతారు. ఎవరో ఏమిటి, దగ్గుతో సహా అది నాన్న గొంతే. కూతురి తలలో తానలా కాపురం పెట్టకూడదు. అతనికి కావలసిందల్లా అదే.

మొదటి శనివారం పిడుగు (ఇంట్లో ఆ పిల్లను పిలిచేది అలాగే) ఈక గుచ్చిన పెన్ను కొంది.

"పాళీ వంకరగా ఉందే" అన్నాడు.

"ఒక బిళ్ళ."

"సలహా కాదే, మాటవరసకన్నా!"

"మాటవరసకీ అంతే నాన్నా."

రెండో శనివారానికి పిడుగుకి కిటుకు దొరికింది. పాత సామాన్ల కొట్టులో మూతలేని ఫ్లాస్కు ముందు ఆగి, చెంపల మీద చేతులు వేసుకుని, "అబ్బ, ఎంత బావుందో!" అని నిట్టూర్చింది. అతను పళ్ళు బిగించాడు. పిడుగు పక్కనున్న ఒంటి చెప్పును గుండెలకు హత్తుకుంది.

"ఒక్క చెప్పేం చేసుకుంటావే!"

బిళ్ళ. తూకంలో వెంట్రుకవాసి తేడా పట్టే మనిషికి తన నాలుక మాత్రం అధీనంలో లేదు. అది నాటకమని తెలుసు. తెలిసీ జారేవాడు. ప్రతిసారీ నోట్లోంచి వచ్చేది తండ్రి గొంతే అనిపించి రాత్రంతా సిగ్గుపడేవాడు.

"దానికి జీతమిస్తున్నది మీరో, మీ నోరో తెలియట్లేదు" అని భార్య పడీ పడీ నవ్వేది.

ఆరో శనివారం అదే కొట్టులో, ఇస్త్రీ బల్లల వెనక, ఒంటిచక్రపు సైకిల్ కనిపించింది. ఎర్రటి సీటు. పిడుగు నిట్టూర్చలేదు. అసలు ఊపిరే తీసుకోలేదు.

"నలభై. పైసా తగ్గదు" అంది కొట్టు పెద్దావిడ. "మధ్యాహ్నం ఇంకో పిల్ల వస్తానంది."

పిల్ల సంచిలో ముప్ఫై ఆరున్నాయి. పిడుగు తండ్రి చొక్కా పట్టుకు లాగింది.

"నాలుగు సలహాలు నాన్నా! తొందరగా!"

అతను నోరు తెరిచాడు. సలహాకు బదులు వేలితో చక్రాన్ని తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగి, తిరిగి, ఇంకా తిరుగుతూనే ఉంది. అతని ఛాతీలో ఏదో సోడాబుడ్డిలా పొంగింది.

"చూడు నాన్నా, చక్రం సొట్ట పోయింది!"

"లేదే, భేషుగ్గా ఉంది."

"సీటు చిరిగింది!"

"కుట్టుకోవచ్చు."

"కిందపడతాను నాన్నా! మోకాళ్ళు పగులుతాయి!"

"మందు రాసుకుందాంలే."

"రోజూ వాగి వాగి చంపుతావు, ఇవాళే మూగవాడివైపోవాలా!" పిడుగుకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

"తండ్రీ కూతుళ్ళు నా కొట్టులో నాటకమేస్తున్నారా ఏం?" అంది పెద్దావిడ.

"నాకూ ఎక్కాలనుంది" అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి. జేబులో చెయ్యి పెట్టి ఆగాడు. 'అవసరమా?' అన్న ఆ ప్రశ్న వచ్చింది. దగ్గుతో సహా వచ్చింది.

"అవసరం లేదు, అయినా కావాలి!" అని పైకే అనేశాడు.

"ఎవరితో నాన్నా?"

"మీ తాతతో."

నాలుగు బిళ్ళలు బల్లమీద టకటకా పడ్డాయి. పిడుగు నోరు తెరిచి చూసి, మరుక్షణమే లెక్క తేల్చింది. "అయితే నీది పదోవంతు. ఇంటిదాకా పది దీపస్తంభాలు. తొమ్మిది నావి, ఒకటి నీది."

"ముందు నాదే!"

కొట్టు గుమ్మం పట్టుకుని ఎక్కాడు. వదిలాడు. రెండు చేతులూ గాల్లో ఈదాయి. చక్రం ఒక దిక్కుకి, నడుం ఒక దిక్కుకి. నాలుగు బారలు పోయాడో లేదో, అమ్మకానికి బయటపెట్టిన సోఫాలో వెల్లకిలా పడ్డాడు.

"విరిగితే వాపసు తీసుకోను!" అని అరిచింది పెద్దావిడ.

"సైకిలునా, నాన్ననా?" అంది పిడుగు.

అతనికి నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని లేచేసరికి పిడుగు సైకిల్ అందుకోబోతోంది.

"ఆగు, ఆగు! స్తంభం ఇంకా రాలేదు, నా వంతు అవ్వలేదు!" అంటూ లాక్కుని, మళ్ళీ ఎక్కాడు.