ఒక్క మాట అడిగి

మనోజ్ఞకు ఒళ్ళు మండిపోతోంది. ఉయ్యూరు దగ్గర ఒక ఊళ్ళో రైతు సంఘం ఆఫీసు ముందు కోత మిషన్ పొద్దుటి నుంచీ ఊరికే నిలబడి ఉంది. సాయంత్రానికి తుఫాను వాన అంటున్నారు. ఆఫీసుకి ఎదురుగా పల్లంలో ఉన్న రాజ్యలక్ష్మి వరి చేను పండి ఒరిగిపోయింది, నీళ్ళు నిలిస్తే కంకి మీదే మొలకలొస్తాయి. మెరక చేలవాళ్ళు మాత్రం మిషన్ ముందు మాకే అంటున్నారు. ఎవరికి పంపాలో తేల్చాల్సింది ఊరి కమిటీ.

మనోజ్ఞ విజయవాడలో చేస్తున్న పరిశోధనంతా ఈ సంఘం మీదే. ఏ నిర్ణయం ఏ మెట్టు మీద జరుగుతుందో సమీకరణాల్లో పెట్టి, అధికారం ఊళ్ళకే వదిలేస్తే పని చకచకా తెమిలిపోతుందని నిరూపించింది. అది కళ్ళారా చూద్దామని వచ్చింది. చూస్తోంది, ఖర్మ!

“మండలం కమిటీ ఆయన్ని ఒక్క మాట అడక్కుండా పంపితే బాగోదమ్మా,” అంది కమిటీ అధ్యక్షురాలు సంపూర్ణమ్మ. మండలం ఆయన సంఘం ఛైర్మన్‌ని అడగమన్నాడు. ఛైర్మన్ రామకోటేశ్వరరావు గారు, “ఊరి కమిటీ ఎంతంటే అంతేనండీ,” అని ఫోన్ పెట్టేశారు.

“ఆయన అలా అన్నారంటే మనసులో ఏదో ఉండే ఉంటుంది. ఇంకోసారి అడుగుదాం,” అంటూ సంపూర్ణమ్మ మళ్ళీ ఫోన్ కలిపింది.

మనోజ్ఞ తల పట్టుకుంది. ఈ పాడు మొహమాటానికి తన సమీకరణాల్లో చోటే లేదు. “ఇంతమందిలో ఒక్కరికీ నోరు పెగలదా అండీ?” అని అరిచేసింది.

ఆ అరుపు ఫోన్లో ఛైర్మన్ గారికీ వినిపించింది. “ఆ చదువుకునే అమ్మాయి అక్కడే ఉందిగా? ఆవిడ ఎవరికి పంపమంటే వాళ్ళకే పంపండి,” అన్నారాయన.

అందరూ ఆమె వైపు తిరిగారు. డ్రైవర్ లాజరు మిషన్ ఎక్కి కూర్చున్నాడు. రాజ్యలక్ష్మి గుమ్మం దగ్గర ఆమె వంకే చూస్తూ నిలబడింది. పల్లం చేనుకే పంపాలని మనోజ్ఞకు తెలుసు, మాట నాలుక చివరే ఉంది. మెరకవాళ్ళు రేపు యూనివర్సిటీకి ఫిర్యాదు చేస్తే? ఆమెకు భయమేసింది.

“మా గైడు గారిని ఒక్క మాట అడిగి చెప్తానండీ,” అంది.

గైడు గారు ఫోన్ ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. లాజరు కాసేపు చూశాడు. “మీరు తేల్చుకోండమ్మా, పక్కూరోళ్ళు రమ్మంటన్నారు,” అని మిషన్ స్టార్ట్ చేశాడు.

అది కాలవ వంతెన దాటాక గైడు గారి ఫోన్ వచ్చింది. సంగతంతా విని, “అక్కడున్నది నువ్వు. నీకేది సబబనిపిస్తే అది చెయ్యమ్మా,” అన్నారు.

మనోజ్ఞ తలెత్తింది. రాజ్యలక్ష్మి అప్పటికే కొడవలి తీసుకుని, ఎవర్నీ అడక్కుండా, చేలోకి దిగిపోయింది.