రిమోట్ల తొట్టి

నాన్న రేడియోలో ఒక గాజు వాల్వు కాలిపోయింది. అలాంటిది వెతకడానికి తప్ప తెత్సురో మరి దేనికీ గది దాటి రాడు. ఉద్యోగం మానేసిన నాటినుంచి అతని లోకం ఆ గదే. ఆదివారాలు మాత్రం అక్క సుగాకో కారెక్కి, నాగావొకా పట్టణ శివార్లలోని పాతసామాన్ల కొట్టుకు వస్తాడు. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన సుగాకోకు అదృష్టం మీద నమ్మకం లేదు. కళ్ళకు కనబడినదాని మీదే ఆమె గురి. వెతుకులాట ఉన్నంతకాలమే తమ్ముడు బయటికి వస్తాడన్నది ఆమె కళ్ళకు కనబడింది.

అందుకే, పోయిన నెల అలాంటి వాల్వు తన చేతికే తగిలినప్పుడు, దాన్ని పాడైన రిమోట్ల తొట్టిలో అడుగంటా దోపి, ఏమీ ఎరగనట్టు ఇవతలికి వచ్చింది. ఆదివారం వేడినీటి బుగ్గలకు పోదామన్న స్నేహితురాళ్ళకు ఏదో ఒక సాకు చెబుతూనే ఉంది.

"ఈ వారమూ వెతుకుడేనా? కొనేదేమీ లేకపోయినా, మీ పుణ్యాన నా తొట్లు సర్దుకుంటున్నాయి లెండి," అన్నాడు కొట్టు యజమాని కురొకావా.

తెత్సురో తలవంచుకునే నవ్వి, తీగల తొట్టి దగ్గర కూర్చున్నాడు.

సుగాకో రిమోట్ల అడుగున చెయ్యి పెట్టింది. వేళ్ళకు గుడ్డ తగిలితే, రిమోట్లు పక్కకు జరిపి చూసింది. వాల్వు చుట్టూ జేబురుమాలు. తానే ఇస్త్రీ చేసి, భోజనంతో పాటు తమ్ముడి గుమ్మం ముందు పెట్టినది. మరో సమాధానం ఏదైనా ఉందేమోనని ఆలోచించింది. లేదు.

"అక్కడే ఉండనీ, అక్కా," వెనకనుంచి తెత్సురో మెల్లగా అన్నాడు.

"ఎప్పుడు చూశావురా?"

"నువ్వు దాచిన మరుసటి వారం. పగులుతుందేమోనని చుట్టాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నీ ఆదివారాలు ఏమవుతాయి? అమ్మ పోయాక, ఈ కొట్టుకు తప్ప నువ్వెక్కడికి వెళ్ళావు గనక?"

వేడినీటి బుగ్గల సంగతి ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. చెబితే తనకు విడుదల. వాడి గదికి గడియ.

కురొకావా తోపుడుబండి తెచ్చాడు. "ఆ తొట్టి తుక్కులారీకి వేసేస్తున్నానండీ. కావలసిందేదైనా ఉంటే ఇప్పుడే తీసేసుకోండి."

సుగాకో తమ్ముడి వైపు చూసింది. అతను తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"ఏమీ లేదండీ," అంది.

తొట్టి బండెక్కి పెరటివైపు వెళ్ళిపోయింది. తెత్సురో మళ్ళీ తీగల ముందు కూర్చున్నాడు. ఆమె పక్కనే చతికిలబడి, రెండో తొట్టి ముందుకు లాక్కుంది. ఇక దొరికే ప్రమాదం లేదు.