పద్నాలుగో నంబరు బోర్డు

బోర్డు బరువు మూడు కిలోలు. ఎర్రటి ఇనుప రేకు, దాని మీద తెల్లరంగుతో పద్నాలుగు అంకె, రెండు చివర్లా రెండు బోల్టులు. ఫైరింజను ముందుభాగంలో, దీపాల మధ్య తగిలించడానికి చేసింది. దాన్ని తీసి గోడకు తగిలించిన ఘనుణ్ణి నేనే. ఎందుకలా చేశావని ఎవరైనా అడిగితే నవ్వొస్తుంది. ఆ నవ్వు చూసినవాళ్లు మళ్లీ అడగరు.

ముందు ఈ నంబర్ల సంగతి చెప్పాలి, లేకపోతే నా తెలివి ఏపాటిదో పూర్తిగా అర్థం కాదు. ఐదు ఊళ్లు పెరిగి పెరిగి, ఒకదాన్నొకటి ఒరుసుకుని మహానగరం అయ్యాయి. ప్రతి ఊరికీ ఒక అగ్నిమాపక శాఖ ఉండేది, ప్రతి శాఖకీ ఒక ఒకటో నంబరు బండి ఉండేది. అందర్నీ ఒకే కంట్రోల్ రూమ్ కిందికి తెచ్చిన మొదటి వారం, ఒకటో నంబరు బయల్దేరమంటే ఒక్క వంటింటి మంటకి ఐదు బళ్లు గంటలు కొట్టుకుంటూ వచ్చాయి. దాంతో పైవాళ్లు కూర్చుని మొత్తం మళ్లీ మొదటినుంచి నంబర్లు వేశారు. ప్రతి స్టేషన్‌కీ ఒక నంబరు, అక్కడి ఇంజనుకీ అదే నంబరు. తొంభై దాటినవన్నీ స్పేర్ బళ్లు. ఎవరి బండి రిపేరు షెడ్డుకెళ్తే వాళ్ల దగ్గరికి అవి వెళ్తాయి. గుట్ట మీద ఉన్న మా స్టేషన్‌కి పద్నాలుగు వచ్చింది.

దీనికో రూలు ఉంది. నంబరు స్టేషన్‌ది, బండిది కాదు. సొంత బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ స్పేర్ బండికే స్టేషన్ బోర్డు తగిలించాలి, వైర్‌లెస్‌లో ఆ నంబరే చెప్పాలి. ఈ రూలు రాసిన కాగితం డ్యూటీలో ఉన్నవాళ్లం కూర్చునే వాచ్ రూమ్‌లో అంటించి ఉండేది. చదివినట్టుగా కింద నా సంతకం కూడా ఉంది.

మా బండి పొట్టిది. గుట్ట మలుపుల కోసమే అలా కట్టించారు. పదకొండేళ్లు దాన్ని నేనే నడిపాను. పంపు సీలు పోయిందని షెడ్డుకెళ్లింది, వచ్చింది, పది రోజులు తిరక్కుండానే గేర్‌బాక్స్ అంటూ మళ్లీ వెళ్లింది. దాని బదులు తొంభై మూడు వచ్చింది. క్లచ్చు మొండిది. సీటులో ఒక స్ప్రింగు పైకి లేచి, ఎక్కడ గుచ్చకూడదో అక్కడే గుచ్చేది. అలాంటి దాని మొహానికి మా నంబరు కట్టడానికి నాకు చేతులు రాలేదు.

మా జట్టుకి పెద్ద అయిన లీడింగ్ ఫైర్‌మన్‌ని అందరం మామ అనేవాళ్లం. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి.

"బోర్డు తగిలించరా," అన్నాడు మామ.

"అరువు సొమ్ము బరువు చేటు మామా. నాలుగు రోజుల్లో మనది వచ్చేస్తుంది. ఈలోగా దీనికెందుకు?"

"నంబరు కట్టమన్నారు గానీ దాంతో కాపురం చెయ్యమన్లేదు కదరా."

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. బోర్డుని గుడ్డపెట్టి తుడిచి వాచ్ రూమ్ గోడకి తగిలించాను. మా బండి తిరిగొచ్చేసరికి దాని నంబరు దానికోసం కాచుకుని ఉండాలని నా పట్టుదల. వైర్‌లెస్‌లో "తొంభై మూడు, గుట్ట మీద" అనేవాణ్ణి. కంట్రోల్ రూమ్ అమ్మాయి రెండు మూడుసార్లు "పద్నాలుగు అనాలి కదండీ" అంది. తర్వాత ఆమెకీ అలవాటైపోయింది. మామ విసిగి వదిలేశాడు. నాలుగు రోజులనుకున్నది రెండేళ్లు దాటింది. మా బండి మధ్యలో వచ్చి నాలుగైదు వారాలు తిరగడం, మళ్లీ మూలపడటం, అంతే.

అక్క గుట్ట మీదికి మారింది ఆ రోజుల్లోనే. బావ రంగుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ రాత్రింబవళ్లు గుయ్యిమంటూ ఉండాల్సిందే. వాళ్ల పాత ఇంట్లో ఒకసారి ఆ మిషన్ ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ లేచి పరదా అంటుకుంది. అక్క బకెట్టు నీళ్లతో ఆర్పేసింది గానీ ఆ రోజునుంచి ఆమెకి కంటిమీద కునుకు లేదు. లేచి పరిగెత్తలేని మనిషితో కాపురం, తను ఒక్కతే.

"మా స్టేషన్ దగ్గర ఇల్లు చూస్తానక్కా," అన్నాను. "నాలుగు నిమిషాల్లో నీ గుమ్మంలో ఉంటాను. కావాలంటే గడియారం పెట్టి చూసుకో."

దొరికిన ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కింద పరుపుల కొట్టు. అయినా నా మాట మీద తీసుకుంది. చేరిన వారానికి నిజంగానే గడియారం పెట్టి చూసింది. డ్రిల్లు రోజున నేను బండి తీసుకుని ఆ సందులోకి వెళ్తే కిటికీలోంచి చెయ్యి ఊపి, "మూడు నిమిషాల యాభై సెకన్లు" అని అరిచింది. వెనకనుంచి బావ గొంతు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ, "ఇంకా పది సెకన్లుంది బామ్మర్దీ, టీ తాగి రావాల్సింది" అంది. ఆ రోజు రాత్రి అక్క తెల్లవార్లూ నిద్రపోయిందట. నాకు ఏనుగెక్కినంత గర్వం.

తర్వాత సమీక్ష వచ్చింది. నగరం మొత్తం మీద ఏ స్టేషన్ ఉంచాలి, ఏది ఎత్తేయాలి, కొత్త బళ్లు ఎక్కడ పెట్టాలి అన్నది తేల్చడానికి ఒక ఆఫీసర్‌ని వేశారు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. కంట్రోల్ రూమ్ కంప్యూటర్లో ఏ నంబరు బండి ఎన్ని ప్రమాదాలకి వెళ్లిందో తీసి జాబితా చేశాడు. ముప్పై ఒక్క నెలల్లో తొంభై మూడు నాలుగు వందల పద్దెనిమిది సార్లు వెళ్లింది. పద్నాలుగు యాభై రెండు సార్లు వెళ్లింది.

ఆర్డరు మామ చదివాడు, మేం విన్నాం. గుట్ట స్టేషన్‌లో పని లేదు కాబట్టి దాన్ని మూసేయాలి. పద్నాలుగు నంబరుని గుట్ట కింద అద్దాల ఆఫీసులున్న పేటలో కట్టిన కొత్త స్టేషన్‌కి ఇవ్వాలి. పాత బండిని తుక్కు కింద తీసేయాలి. తొంభై మూడు చాలా చురుకుగా పనిచేసిన బండి కాబట్టి దాన్ని బాగుచేసి నగరం అవతలి అంచున ఒక స్టేషన్‌కి శాశ్వతంగా కేటాయించాలి.

మామ కాగితం మడిచాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన డిపార్టుమెంటుకి కొత్తేం కాదులే," అన్నాడు. గోడమీది బోర్డు వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆఫీసర్ దగ్గరికి వెళ్లాను. మా స్టేషన్ లాగ్ బుక్ చంకలో పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తొంభై మూడు వెళ్లిన ప్రతి మంటా మేం ఆర్పినదేనని, బోర్డు కట్టనిది నేనేనని చెప్పాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు. పుస్తకం మొత్తం పేజీ పేజీ తిప్పాడు. గంటన్నర పట్టింది.

"మీరు చెప్పింది నిజమేనండీ," అన్నాడు. "గుట్ట స్టేషన్ నగరంలో మూడోస్థానంలో ఉండాల్సింది."

నమ్మకపోయి ఉంటే ఆయన్ని తిట్టుకుంటూ బతికేసేవాణ్ణి. నమ్మాడు. నా ముందే పైవాళ్లకి నోట్ రాశాడు. నా తప్పుని నా తప్పుగా కాకుండా నమోదులో పొరపాటని రాశాడు. అంత మంచివాడు. జవాబు రావడానికి నెల పడుతుందన్నాడు.

ఆ నెలలోనే స్టేషన్ మూసేశారు. అక్క ఫోన్ చేసింది. "ఏంట్రా, షట్టర్ వేసేశారు?"

"పైకప్పు రిపేరక్కా. బండిని కింది వీధిలో వాటర్ ట్యాంకు దగ్గర పెడుతున్నాం. నెలరోజులే."

"మరి నాలుగు నిమిషాలు?"

"నాలుగే."

నిజం చెప్తే ఇల్లు మారాలి. మూడంతస్తుల మెట్లు బావని దించాలి, మళ్లీ ఎక్కడో ఎక్కించాలి. జవాబు వచ్చాక చూద్దామనుకున్నాను. జవాబు వచ్చింది. నంబర్లు, బళ్లు, సిబ్బంది కేటాయింపు పూర్తయినందున ఈ విషయం మూడేళ్ల తర్వాత జరిగే సమీక్షలో పరిశీలిస్తారట. ఆ కాగితం జేబులో పెట్టుకుని రెండుసార్లు అక్క ఇంటికి వెళ్లాను. రెండుసార్లూ బావ చతుర్లకి నవ్వి, టీ తాగి, కాగితం జేబులోంచి తియ్యకుండానే వచ్చేశాను. పిరికితనానికి ఇంతకంటే వేరే పేరు లేదు.

నంబరుతో పాటు నన్నూ కొత్త స్టేషన్‌కి వేశారు. మామ రిటైరయ్యాడు. కొత్త బండి పొడుగాటిది, స్టీరింగు వెన్నలా తిరుగుతుంది, సీటు మెత్తగా ఉంటుంది. మొదటి రోజే స్టేషన్ ఆఫీసర్ మా గోడమీది పాత బోర్డు, దుమ్మయినా తుడవకుండా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ బోల్టులు నేనే బిగించాను. ఈసారి మారు మాట్లాడలేదు.

ఆ పిలుపు వచ్చినప్పుడు మధ్యాహ్నం మూడున్నర. వైర్‌లెస్‌లో కంట్రోల్ రూమ్ అమ్మాయి, "పద్నాలుగు, గుట్ట మీద పరుపుల కొట్టు, మూడంతస్తుల మేడ, పైన మనుషులున్నారు" అంది. కొట్టు పేరు చెప్పకముందే నాకు తెలిసిపోయింది. గుట్ట ఇప్పటికీ పద్నాలుగు పరిధిలోనే రాసి ఉంది మరి.

ఎలా నడిపానో చెప్పడానికేం లేదు. ఆఫీసుల పేటలో నాలుగు సిగ్నళ్లు, కార్లు పక్కకి జరగడానికి పక్కన చోటు లేదు. వంతెన మీద బస్సు ఆగిపోయి ఉంది. గుట్ట ఎక్కడం మొదలుపెట్టేసరికే పదిహేను నిమిషాలు. పిండిమర మలుపు దగ్గర ఈ పొడుగు బండి తిరగలేదు. రెండుసార్లు వెనక్కి తీసి, మూడోసారికి పిట్టగోడని గీసుకుంటూ తిప్పాను. మూసేసిన మా స్టేషన్ ముందునుంచి వెళ్తున్నప్పుడు ఇక్కణ్ణుంచి నాలుగు నిమిషాలు అనుకున్నాను. మొత్తం ఇరవై నాలుగు పట్టింది.

సందు చివర జనం. మా బోర్డు చూసి ఎవరో "పద్నాలుగు వచ్చింది, పద్నాలుగు వచ్చింది" అన్నారు, కొండంత అండ వచ్చినట్టు. నేను మాస్కు పెట్టుకుని మెట్లెక్కాను. డ్రైవరు బండి దగ్గరే ఉండాలి, అదీ ఒక రూలే. పరుపులు కాలిన పొగ నల్లగా, జిడ్డుగా, చేత్తో పట్టుకోవచ్చన్నంత చిక్కగా ఉంది. కరెంటు తీసేశారు కాబట్టి మిషన్ చప్పుడు లేదు. అక్క బావ తలని కిటికీ దగ్గరికి ఎత్తి పట్టుకుని, తడి తువ్వాలు తన మొహానికి కాకుండా అతని మొహానికి అద్దుతూ ఉంది. ఇద్దర్నీ కిందికి తెచ్చాం. అక్క దగ్గుతోంది. బావ దగ్గడం లేదు.

అంబులెన్సువాళ్లు చాలాసేపు చూశారు. తర్వాత చూడటం మానేశారు.

అక్క బండి మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. మసి పట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని, నాతో మామూలుగా, జరిగినది జరిగినట్టు చెప్పింది.

"నేనే ఫోన్ చేశాను. ఏ బండి వస్తోందమ్మా అని అడిగితే పద్నాలుగు బయల్దేరింది అంది ఆ అమ్మాయి. ఎదురింటి టైలర్ కుర్చీ తెచ్చాడురా. ఇంకో ఇద్దరు మనుషులొచ్చారు. అప్పటికి మెట్లమీద పొగ లేదు. కూర్చోబెట్టి మోసేస్తాం అన్నారు. నేనే వద్దన్నాను. మిషన్ తీసి కుదిపితే ఆయనకి ఊపిరాడదు, నాలుగు నిమిషాలే కదా, మా తమ్ముడు మాస్కు తెస్తాడు అన్నాను. వాళ్లు కాసేపు ఆగారు. తర్వాత పొగ కమ్మేసింది, వాళ్లని వెళ్లిపొమ్మన్నాను."

కాళ్లకింద పైపునీళ్లు పారుతున్నాయి. అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను. గోడమీది బోర్డు, తొంభై మూడు, ఆఫీసరు, జవాబు, పైకప్పు రిపేరు అబద్ధం, అన్నీ. మధ్యలో ఆపుతుందేమోనని చూశాను. ఆపలేదు.

"నువ్వేం చెయ్యలేదక్కా," అన్నాను. "ఇదంతా నేను చేసింది."

ఆమె కాసేపు ఆలోచించింది, కూరగాయల లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"ఇద్దరం," అంది.

బావ మీద దుప్పటి కప్పుతున్నారు. అక్క లేచి వెళ్లి, కాళ్ల దగ్గర అది సరిపోలేదని కిందికి లాగింది. ఆయనకి పాదాలు చల్లబడితే పడదు. లోపల వైర్‌లెస్ పిలుస్తోంది. మొదటిసారి పలకలేదు. రెండోసారి కూడా పలకలేదు. మూడోసారి ఆ అమ్మాయి గొంతులో కంగారు వినిపించింది.

"పద్నాలుగు, ఎక్కడున్నారు? చెప్పండి, పద్నాలుగు."

బండిలోకి వంగి మైకు తీసుకున్నాను.

"పద్నాలుగు, గుట్ట మీద."

"పద్నాలుగు, గుట్ట మీద. నమోదు చేశానండీ," అంది.

నాలుగు వందల పద్దెనిమిది సార్లు నేను చెప్పాల్సి ఉండి చెప్పని మాట అదే.